గుయ్‌మనే శబ్దానికి సౌండ్ కార్డు మందు కాదు

ఈ వారంలో ముగ్గురు. మొన్న కావలి నుంచి బస్సెక్కి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడు, నిన్న బాలాజీనగర్ నుంచి కీబోర్డు వాయించే మాస్టారు, ఇవాళ షట్టర్ ఇంకా సగం ఎత్తకముందే వేదాయపాళెం నుంచి ఒకాయన. ముగ్గురిదీ ఒకటే మాట: "అన్నా, స్పీకర్లలో గుయ్‌మంటా ఉండాది, మంచి సౌండ్ కార్డు ఒకటియ్యి." సౌండ్ కార్డంటే కంప్యూటర్ నుంచి స్పీకర్లకి శబ్దం పంపే విడి భాగం. పన్నెండేళ్లుగా నెల్లూరులో కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం నా పని. పాటలు రికార్డు చేసుకునేవాళ్లకి ఇంట్లోనే చిన్న సెటప్పులు కూడా పెట్టిస్తుంటా. కార్డు అమ్మితే నాకూ నాలుగు రూపాయలు మిగుల్తాయి. అయినా ఆ ముగ్గురిలో ఒక్కరికీ అమ్మలేదు. ఎందుకో ఒక్కసారి రాసి పెడితే రోజూ కౌంటర్ దగ్గర గొంతు చించుకునే పని తప్పుతుంది కదా అని ఇది.

అపోహ: స్పీకర్లు గుయ్‌మంటే మదర్‌బోర్డు మీది సౌండ్ చిప్పు పనికిరానిది, వేరే కార్డు వేయాలి.

ముందు ఆ శబ్దాన్ని సరిగ్గా వినండి. ఆపకుండా ఒకే స్థాయిలో "మ్‌మ్‌మ్" అని మోగుతుంటే, కంప్యూటర్‌లో వాల్యూమ్ సున్నాకి తెచ్చినా తగ్గకపోతే, అది మీ చిప్పు చేసే శబ్దం కాదు. మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100 హెర్ట్జ్, ఇవే స్పీకర్లో మీకు వినపడేది. అసలు తేడా గోడలో ఉంటుంది. మీరేమో కార్డు వెతుకుతున్నారు.

కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్‌లో, కరెంటు చెత్తను వడగట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి వడగట్టినదాన్ని క్యాబినెట్ రేకులోకి, అక్కడి నుంచి త్రీపిన్‌లోని ఎర్త్ వైరు మీదుగా భూమిలోకి పంపాలి. ఎర్త్ లేకపోతే అది పోయే దారి లేదు. అప్పుడు మీటర్ పెడితే క్యాబినెట్ మీద సుమారు 115 వోల్టులు, అంటే కరెంటులో సగం కనపడుతుంది. "చెయ్యి తగిలితే జుమ్మంటోంది సార్" అని మీరే చెబుతుంటారు, అది ఇదే. ఆడియో వైరు పైన చుట్టి ఉండే అల్లిక ఆ క్యాబినెట్‌కే కలిసి ఉంటుంది కాబట్టి ఆ రొద నేరుగా యాంప్లిఫయర్‌లోకి నడిచి వెళ్తుంది.

ఇంకోరకం కూడా ఉంది. ఎర్త్ ఉంటుంది, కానీ కంప్యూటర్ ఒక సాకెట్లో, యాంప్లిఫయర్ పక్కగది సాకెట్లో. రెండు ఎర్త్‌ల మధ్య చిన్న తేడా ఉంటే, ఆ తేడా కరెంటు మీ ఆడియో వైరు గుండానే పారుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటాం. కంప్యూటర్‌ని టీవీకి కూడా కలిపి, ఆ టీవీకి కేబుల్ వైరు వచ్చిందంటే ఇది మరీ ఎక్కువ.

ఇప్పుడు మీరు ఐదువేలు పోసి కార్డు తెచ్చారనుకోండి. అది కూర్చునేది అదే క్యాబినెట్లో, అదే మదర్‌బోర్డు మీద. కరెంటు వచ్చేది అదే సాకెట్ నుంచి. యూఎస్‌బీ కార్డు బయట ఉంటుంది కదా అంటారేమో, యూఎస్‌బీ వైరులోని గ్రౌండ్ కూడా ఆ క్యాబినెట్‌కే చేరుతుంది. గుయ్ ఎక్కడికీ పోదు. మీ ఐదువేలు మాత్రం పోతాయి.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. షాపు పెట్టిన రెండో ఏడు మూలాపేట నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు వచ్చారు. నాటకాల్లో పద్యాలు పాడిన మనిషి. మనవళ్ల కోసం వాటిని రికార్డు చేసి పెట్టుకోవాలని ఆశ. పద్యం వెనక తుమ్మెద తిరిగినట్టు గుయ్. ఒక కార్డు అమ్మాను. తగ్గలేదు. ఇంకా మంచిదని ఇంకోటి అమ్మాను. తగ్గలేదు. మూడోసారి ఆయన ఏమీ అనలేదు, "అబ్బయా, ఒకసారి ఇంటికొచ్చి నీ చెవితో విను" అన్నారంతే. వైర్‌మన్‌ని తీసుకుని వెళ్లాను. స్విచ్‌బోర్డు విప్పితే పైన పెద్ద కంతకి వైరే లేదు. ఎర్త్ వైరు గోడ దాకా వచ్చి, టేపు చుట్టుకుని, ముడుచుకుని పడుకుని ఉంది. ఇల్లు కట్టినప్పటి నుంచీ అంతేనట. వైర్‌మన్ అరగంటలో కలిపి మూడొందలు తీసుకున్నాడు. మాస్టారు పద్యం ఎత్తుకున్నారు, వెనక నిశ్శబ్దం. రెండు కార్డులూ వెనక్కి తీసుకుంటానంటే ఒప్పుకోలేదు. నేను మాత్రం అప్పటి నుంచి గుయ్ అన్నవాళ్లకి ముందు కార్డు చూపించడం మానేశాను.

కాబట్టి కొనడానికి రాకముందు ఇవి చేసి చూడండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకేసి వినండి. శబ్దం ఆగిపోయిందా, కార్డు ఆలోచన వదిలేయండి. డెస్క్‌టాప్ అయితే స్పీకర్ల వైరు తీసేసి, వెనక పచ్చరంగు జాక్‌లో మామూలు హెడ్‌ఫోన్ పెట్టి వినండి. అక్కడ శుభ్రంగా ఉంటే చిప్పు బాగానే ఉన్నట్టు. తర్వాత కంప్యూటర్‌నీ యాంప్లిఫయర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి చూడండి, సగం ఇళ్లలో ఇక్కడే తగ్గిపోతుంది. అప్పటికీ ఉంటే వైర్‌మన్‌ని పిలవండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటో రెండో వోల్టులు రావాలి. మీటర్ అతన్నే పట్టుకోనివ్వండి, మీరొద్దు. మన ఎండలకి ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంట కూడా ఎండిపోతుంది. వేసవిలో దానికి నాలుగు బిందెల నీళ్లు పోయడం పాతకాలం చాదస్తం కాదు. మట్టి తడిగా ఉంటేనే కరెంటు లోపలికి దిగుతుంది. అద్దె ఇంట్లో ఇదంతా మన చేతిలో ఉండదు, నిజమే. ఇంటి ఓనర్‌కి "పాటలు వినాలి" అని కాకుండా "పిల్లలకి షాక్ కొడుతోంది" అని చెప్పండి, కదుల్తారు. అబద్ధం కూడా కాదు.

ఇవన్నీ అయ్యాక కూడా లూప్ మిగిలితే కొన్ని వందల రూపాయలకి గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ దొరుకుతుంది. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు, అంతే. బేస్ కాస్త పలచబడుతుంది, పనైతే జరుగుతుంది.

ఒక్క పని మాత్రం చేయొద్దు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తే గుయ్ పోతుందని ఎవరో వీడియోలో చెప్పారట, కావలి కుర్రాడు అన్నాడు. పోతుంది, కొన్నిసార్లు. రేపు లోపల ఏ వైరో తెగి క్యాబినెట్‌కి తగిలితే ఆ రేకు మీద 230 వోల్టులూ ఉంటాయి, దిగే దారి మీ ఒళ్లే. ఆ కుర్రాడిని కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ తిట్టాను.

కార్డు నిజంగా పనికొచ్చే గుయ్ ఒకటుంది. మౌస్ కదిపితే కిర్‌ర్, పేజీ జరిపితే కిర్‌ర్, గేమ్ మొదలుపెడితే సన్నటి ఈల. ఇది లోపలి రొద. అప్పుడు కూడా ముందు క్యాబినెట్ ముఖం మీది జాక్ వదిలేసి వెనక జాక్ వాడండి. ముందు జాక్ వైరు గ్రాఫిక్స్ కార్డు పక్క నుంచి పాకుతూ వస్తుంది, దారిలో దొరికిన చెత్తంతా ఏరుకుంటుంది. వెనక కూడా అంతే ఉంటే అప్పుడు హెడ్‌ఫోన్ కోసం బయట పెట్టే చిన్న యూఎస్‌బీ కార్డు తీసుకోండి. నేనే ఇస్తాను.

అపోహ: గేమ్‌లో అడుగుల చప్పుడు ఎటునుంచో తెలియాలంటే 7.1 కార్డు (చుట్టూ ఎనిమిది స్పీకర్లకి శబ్దం పంచేది) ఉండాలి.

ఒక అబ్బాయి అమ్మ దగ్గర పోరుపెట్టి తొమ్మిదివేల కార్డు కొనిపించుకున్నాడు. ఆమె నాకు ఫోన్ చేసి, "తేడా ఏం లేదంటున్నాడు నాయనా, మోసపోయామా?" అంది. ఇంటికెళ్లి చూస్తే వాడి చెవులకున్నది యూఎస్‌బీ హెడ్‌సెట్. యూఎస్‌బీ హెడ్‌సెట్‌కి దాని సౌండ్ కార్డు దాని వైరులోనే ఉంటుంది. బ్లూటూత్‌దీ అంతే. మానిటర్‌కి హెచ్‌డీఎంఐలో పోయే సౌండైతే గ్రాఫిక్స్ కార్డు నుంచి పోతుంది. తొమ్మిదివేల కార్డు లోపల ఏ పనీ లేకుండా దుమ్ము తాగుతోంది. కొన్న షాపువాళ్లు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

చెవులు రెండే, హెడ్‌ఫోన్‌లో స్పీకర్లూ రెండే. ముందు, వెనక అన్న భ్రమని ఇప్పుడు గేమే లెక్కగట్టి పంపుతుంది. వాలరెంట్ లాంటి గేమ్‌లో ఈ పనికి హెచ్‌ఆర్‌టీఎఫ్ అని సెట్టింగ్ ఉంటుంది. దాన్ని వేసి, హెడ్‌సెట్ 7.1 బటన్ ఆపేయండి. రెండూ కలిస్తే శబ్దం గుంటలోంచి వచ్చినట్టుంటుంది. ఆ సెట్టింగ్ లేని గేములకి విండోస్ 10 నుంచీ విండోస్ సోనిక్ ఉచితంగానే ఉంది. సింగపూర్ నుంచి క్రియేటివ్ వాళ్లు సౌండ్ బ్లాస్టర్ తెచ్చిన 1989 రోజులు వేరు, అప్పుడు కార్డు లేకపోతే కంప్యూటర్ బీప్ అనడమే. తర్వాత కొన్నాళ్లు ఈఏఎక్స్ అని కార్డే ప్రతిధ్వనులు లెక్కేసేది. 2007లో విండోస్ విస్టా వచ్చి ఆ దారి మూసేసింది. మీ అన్నయ్య చెప్పే కథలు అబద్ధం కాదు, కాలం చెల్లినవి. కార్డు వేస్తే గేమ్ వేగం, అంటే ఫ్రేములు, పెరుగుతాయన్నది కూడా ఆ కాలం మాటే. మూడొందల బుల్లి డాంగిల్ మీద "7.1" అని రాసి ఉంటుంది చూడండి, దానికి హెడ్‌ఫోన్ కంత ఒక్కటే.

ఇక కార్డు డబ్బాల మీద గొప్పగా రాసే 192 కిలోహెర్ట్జ్ సంగతి. శబ్దాన్ని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలుస్తారన్న లెక్క అది. సీడీ 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు. దాంతో 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పూర్తిగా పడుతుంది. మనిషి చెవి పసితనంలో 20 దాకా వింటుంది, నా వయసుకి అదీ లేదు. వినడానికి అంతకుమించిన అంకెల కోసం డబ్బు పెట్టొద్దు, ఆ డబ్బు హెడ్‌ఫోన్‌కి పెట్టండి. అదే 250, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కొనుక్కున్నవాళ్లయితే మాత్రం దాన్ని తోసే బలం ఉన్న కార్డో యాంపో కావాల్సిందే.

అపోహ: గేమింగ్ కార్డు ఖరీదైనది కాబట్టి రికార్డింగ్‌కీ అదే మంచిది.

కాదు. పాడేవాళ్లకి కావాల్సింది ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకునీ కంప్యూటర్‌నీ కలిపే పెట్టె. స్టూడియో కండెన్సర్ మైక్ మైకు వైరులోనే వచ్చే 48 వోల్టుల కరెంటు, అదే ఫాంటమ్ పవర్, అడుగుతుంది, కంప్యూటర్ మైక్ జాక్ ఇచ్చేది అయిదు వోల్టుల లోపే. ఇక ఆలస్యం, అంటే పాడింది తిరిగి మీ చెవికి చేరడానికి పట్టే సమయం. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి పోగేసే శబ్దం ముక్కల సంఖ్య) 256 పెడితే 5.3 మిల్లీసెకన్లు, 1024 పెడితే 21. పోనూ రానూ కాబట్టి రెట్టింపు, పైన ఇంకాస్త. గాలిలో శబ్దం 10 మిల్లీసెకన్లలో దాదాపు మూడున్నర మీటర్లు పోతుంది. అంటే మీ గొంతు మీకే వీధి అవతల నుంచి వినపడుతున్నట్టు ఉంటుంది, తాళం తప్పుతుంది. కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) ఉన్న ఇంటర్‌ఫేస్‌తో బఫర్ తగ్గించుకోవచ్చు. బ్లూటూత్ పెట్టుకుని పాడే ప్రయత్నమే వద్దు.

వి8 అని పేరూ ఊరూ లేని లైవ్ కార్డు, దానికో మైకు కలిపి అమ్ముతారు. చప్పట్లు, నవ్వులు వచ్చే బటన్లుంటాయి. ఫోన్‌లో లైవ్ పెట్టడానికి సరదాగా బాగుంటుంది. నా దగ్గరికొచ్చిన వాటిల్లో యూఎస్‌బీ వైరు ఛార్జింగ్‌కే తప్ప సౌండ్‌కి కాదు. ఆ సంగతి తెలియక కంప్యూటర్‌కి తగిలించి ఏడ్చినవాళ్లున్నారు.

బాలు గారి ఊరు కదా, మా దగ్గర పాడనివాళ్లు తక్కువ. కోవూరు నుంచి ఒక చెల్లెమ్మ వస్తుంటుంది, భక్తిపాటలు పాడుతుంది. రికార్డింగ్‌లో "హోరు" వస్తోందని పన్నెండువేల ఇంటర్‌ఫేస్ ఎంచుకుని మరీ వచ్చింది. పాట పంపమని విన్నాను. హోరు ఆమె నెత్తి మీది ఫ్యాన్‌ది. ఉన్న ఇంటర్‌ఫేసే చాలు, ఫ్యాన్ ఆపి, మైకు నోటికి జానెడు దూరంలో పెట్టి, వెనక మందపాటి దుప్పటి కట్టమన్నాను. "అన్నా, మే నెలలో నెల్లూరులో ఫ్యాన్ ఆపి పాడాలా?" అని నవ్వింది. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పాడుతోంది. మొన్న పంపిన పాటలో హోరు లేదు, చివర్లో ఒక కోడి మాత్రం కూసింది.