నురగ ఎంత ఎగిరితే అంత గొప్పా?

రసాయన ప్రయోగాల సరదా ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన రాక మానదు: గ్లాసులోనే ఇంత బాగా పొంగింది కదా, బకెట్‌లో చేస్తే ఎలా ఉంటుందో! ప్రమాదాలు చాలావరకు ఆ ఆలోచనతోనే మొదలవుతాయి.

‘ఏనుగు టూత్‌పేస్ట్’ ప్రయోగమే చూడండి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కాస్త లిక్విడ్ సబ్బు వేసి, గోరువెచ్చని నీళ్లలో నానిన ఈస్ట్ పోస్తే, ఈస్ట్‌లోని కెటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తుంది, ఆ ఆక్సిజన్ సబ్బులో చిక్కుకుని నురగై పొంగుతుంది. మందుల షాపులో దొరికే 3 శాతం ద్రావణం తన పరిమాణానికి సుమారు 10 రెట్ల ఆక్సిజన్ ఇస్తుంది, 30 శాతానిదైతే 100 రెట్ల దాకా. వీడియోల్లో ఎగసిపడేది సాధారణంగా ఈ గాఢమైన రకమే. అది చర్మాన్ని కాల్చేస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు, పైగా నురగ ఆవిరి కక్కుతూ వస్తుంది. ఇంట్లో చేసేవాళ్లకి 3 శాతం చాలు, అదీ కళ్లకి గాగుల్స్ పెట్టుకునే.

సైజు పెంచితే ఇంకో చిక్కు. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెట్టింపు చేస్తే లోపల పుట్టే వేడి 8 రెట్లవుతుంది, అది బయటికి పోయే ఉపరితలం మాత్రం 4 రెట్లే. లోపలే ఉండిపోయిన వేడి చర్యని తొందరపెడుతుంది, ఆ తొందర మరింత వేడిని పుట్టిస్తుంది. దీనికి మూత కూడా బిగించారా, సీసా పేలిపోవచ్చు.

మిథనాల్‌తో (ఇట్టే అంటుకునే ఒక రకం ఆల్కహాల్) చేసే రంగుల మంటల జోలికి అసలు పోవద్దు. మంట ఆరిపోయిందనుకుని సీసాతో ఇంకాస్త పోస్తే ఆవిరి అంటుకుని, మంట సీసా మూతిలోంచి చూసేవాళ్ల మీదికి చిమ్ముతుంది. ఇలా జరిగిన ప్రమాదాల వల్లే 2014లో అమెరికన్ కెమికల్ సొసైటీ దీన్ని వెంటనే మానేయమంది.

నా ఓటు అయోడిన్ గడియారానికి. టించర్ అయోడిన్‌లో విటమిన్ సి పొడి కలిపితే గోధుమ రంగు మాయమవుతుంది. ఇంకో గ్లాసులో 3 శాతం పెరాక్సైడ్, స్టార్చ్ నీళ్లు. రెండూ కలిపాక కాసేపు ఏమీ జరగదు, ఎందుకంటే పెరాక్సైడ్ తయారుచేసే అయోడిన్‌ని విటమిన్ సి ఎప్పటికప్పుడు మింగేస్తూ ఉంటుంది. విటమిన్ సి అయిపోయిన క్షణాన గ్లాసంతా నల్లటి నీలం! మంట లేదు, పేలుడు లేదు, కానీ చూసేవాళ్లు ఉలిక్కిపడతారు. ఎంతసేపు ఆపాలో విటమిన్ సి మోతాదుతో మీరే నిర్ణయించుకోవచ్చు. చివర్లో ఇంకాస్త విటమిన్ సి వేస్తే రంగు మళ్లీ పోతుంది, అప్పుడు బోలెడు నీళ్లతో కలిపి సింక్‌లో పోసేయండి.