టపాకాయకు ఆ పేరెలా వచ్చింది

దీపావళికి నాలుగు రోజుల ముందు, చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్‌లో టపాకాయల దుకాణం. "మామయ్యా, ఆటంబాంబులు రెండు పెట్టెలు" అన్నాడు మా మేనల్లుడు. ఆకుపచ్చ దారం బిగించి చుట్టిన ఉండ, పైన చిన్న ఒత్తి. వాడికి తొమ్మిదేళ్లు. ఆ వయసులో నేనూ అదే అడిగాను, అంతే తేలిగ్గా.

భయాన్ని మాటగా మార్చుకోవడం ఈ ఊరికి పాత అలవాటే. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించి, రేవు దగ్గర చమురు ట్యాంకులను తగలబెట్టింది. అప్పటి నుంచి గడుసు మనిషిని ఇక్కడ 'ఎమ్డెన్' అంటారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నెలలోనే మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊరొదిలారు. మూడేళ్లకు హిరోషిమా. ఆ ఏడాది చివరికి అక్కడ సుమారు 1,40,000 మంది పోయారు. మన దాకా మాత్రం పేరొక్కటే వచ్చింది, దాన్ని టపాకాయకు పెట్టుకున్నాం.

ఆ పేరులోని బరువును ఈ ఊళ్లో అందరికన్నా ముందు మోసినవాడు రాజాజీ. తెలుగువాళ్లకు ఆయన పేరు చెబితే 1952, పొట్టి శ్రీరాములు గారి దీక్ష గుర్తొస్తాయి. ఆ కోపం నాకూ ఉంది. కానీ 1962లో, 83 ఏళ్ల వయసులో, అప్పటిదాకా పాశ్చాత్య దేశాల మొహం చూడని ఆ పెద్దాయన గాంధీ శాంతి ప్రతిష్ఠానం బృందంతో అమెరికా వెళ్లి, అణు పరీక్షలు ఆపమని కెనడీని ముఖాముఖి కోరాడు. ఆ మరుసటి నెలలోనే క్యూబా క్షిపణుల గొడవతో ప్రపంచం అంచు దాకా వెళ్లొచ్చింది. 1963లో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు ఆపే ఒప్పందం కుదిరింది. అది ఆయన ఒక్కడి వల్ల అయిందనను. అడగాల్సిన సమయానికి అడిగాడు, అంతే. ఈ విషయంలో ఆయనకు దణ్ణం పెడతాను.

మహాబలిపురం దాటి ఇంకొంచెం పోతే కల్పాక్కం. 1974 మే 18న రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో మనవాళ్లు పేల్చిన అణు పరికరంలోని ప్లుటోనియం, కెనడా ఇచ్చిన రియాక్టర్‌లో తయారైంది. దాంతో కెనడా సాయం ఆపేసింది. కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రాన్ని మనవాళ్లే కిందామీదా పడి కట్టుకున్నారు. 1983 జూలైలో మొదటి రియాక్టర్ రాజుకుంది. 2006లో అమెరికాతో అణు ఒప్పందం కోసం 22 రియాక్టర్లలో 14ను అంతర్జాతీయ తనిఖీలకు ఇస్తామన్నప్పుడు, కల్పాక్కంలోవి ఆ జాబితాలో చేర్చలేదు. ఎందుకో 2009లో కొంత తెలిసింది. అణు జలాంతర్గామిలో పెట్టే చిన్న రియాక్టర్‌కు నేల మీది నమూనాను ఇక్కడే నడిపి చూశామని ప్రభుత్వం అప్పుడు బయటపెట్టింది. ఆ జలాంతర్గామి అరిహంత్ ఆ ఏడాది జూలైలో నీళ్లలోకి దిగింది విశాఖలో, ఒకప్పుడు జపాన్ బాంబులు పడిన ఊళ్లోనే.

మధ్యలో మన పీవీ ఉన్నారు. 1995 డిసెంబర్‌లో పోఖ్రాన్ ఏర్పాట్లను అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి, ఒత్తిడి వచ్చింది, పరీక్ష ఆగింది. బాంబు సిద్ధంగా ఉందని 1996లో పీవీ తనకు చెప్పారని వాజ్‌పేయి ఆయన పోయాక వెల్లడించారు. 1998 మే 11, 13 తేదీల్లో ఐదు పేలుళ్లు జరిగినప్పుడు అణుశక్తి సంఘానికి అధిపతి చెన్నైలో పుట్టిన ఆర్.చిదంబరం. ఆ సాయంత్రం మా వీధిలో మిఠాయిలు పంచారు, నేనూ తిన్నాను. మర్నాడు ఇదే ఆటంబాంబును వీధిలో కాల్చారు, పగటిపూట.

ఇంటికొచ్చే దారిలో మేనల్లుడు అడగనే అడిగాడు, "నిజం ఆటంబాంబు ఎంతుంటుంది?" నాగసాకి మీద వేసింది మనిషికన్నా పొడవు, నాలుగు టన్నుల పైమాటే అన్నాను. ఊరిని కాల్చిన ప్లుటోనియం మాత్రం ఆరు కిలోలే, బత్తాయంత ఉండ. వాడు పెట్టె తెరిచి ఒక ఆకుపచ్చ ఉండను అరచేతిలో పెట్టుకుని, మౌంట్ రోడ్డు సిగ్నల్ పడేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.