వాంతయిపోయిందిగా, ఇంకేం భయం? గన్నేరు మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: వాంతయితే విషం దిగిపోయినట్టే.

ఈ ధీమాతోనే పెరంబూరు నుంచి ఒకాయన వాళ్ళ అత్తగారిని మా చెన్నై ఆస్పత్రి క్యాజువాలిటీకి తీసుకొచ్చాడు. మోకాళ్ళ నొప్పులకు మంచిదని ఎవరో చెబితే పొద్దున్నే గన్నేరాకు కషాయం తాగిందావిడ. "రెండు వాంతులయ్యాయి, ఇప్పుడు కులాసాగానే ఉంది సార్, గ్లూకోజు ఎక్కించి పంపేయండి" అన్నాడు. ఆవిడా మంచం మీద కూర్చుని కబుర్లు చెబుతోంది. నాడి చూస్తే నిమిషానికి 42. ఈసీజీలో గుండె పైగదులది ఒక లెక్క, కిందిగదులది ఒక లెక్క. కంప్లీట్ హార్ట్ బ్లాక్, అంటే పైగదుల సంకేతం కిందికి అందడమే లేదు! నాడి వేగం పెంచే అట్రోపిన్ ఇంజెక్షన్‌కు లొంగలేదు. మెడ దగ్గర సిరలోంచి తాత్కాలిక పేస్‌మేకర్ తీగ వేశాం. మూడో రోజుకు గానీ లయ కుదుటపడలేదు.

వాస్తవం: గన్నేరు విషం గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్ మాత్రకు దగ్గరి చుట్టం. గుండె కణాల్లోంచి సోడియంను బయటికి తోడే పంపును ఆపేస్తుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది. గుండె లయ గంటల తర్వాత కూడా తప్పొచ్చు. అందుకే మనిషి బాగానే కనిపించినా కనీసం 24 గంటలు మానిటర్ మీద ఉంచుతాం.

అపోహ: పచ్చగన్నేరు పప్పే విషం, ఎర్రగన్నేరు దేవుడి పువ్వు.

"గన్నేరు పప్పు" అన్న మాట మన నోళ్ళలో ఎంత నానిందంటే, మిగతాదంతా మంచిదే అనుకుంటాం. పచ్చగన్నేరులో తెవెటిన్ అనే విషం, ఎర్ర, తెల్ల గన్నేరుల్లో ఒలియాండ్రిన్ అనే విషం. రెండూ గుండెనే పట్టుకుంటాయి. ఆకు, పువ్వు, వేరు, పాలు అన్నిట్లోనూ ఉంది, మరిగించినా ఎండబెట్టినా పోదు. ఇక్కడ అరళి అంటారు, దండలు కట్టి అమ్ముతారు. పూజకు పెట్టుకోండి, తీర్థప్రసాదాల్లో మాత్రం వద్దు. 2024 మేలో కేరళలో గుళ్ళను నడిపే తిరువాంకూరు, మలబారు దేవస్వం బోర్డులు నైవేద్యంలో ఈ పువ్వును మాన్పించాయి కూడా.

అపోహ: ఉప్పునీళ్ళు తాగించి కక్కించాలి.

వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే అదో ప్రమాదం. 108కి ఫోన్ చేయండి, తిన్న కొమ్మ ఫొటో తీసుకోండి.

అపోహ: విరుగుడు ఇంజెక్షన్ ఉందిగా.

ఉంది. డిగాక్సిన్‌కు వాడే యాంటీబాడీ మందు శ్రీలంకలో పచ్చగన్నేరు రోగుల మీద బాగా పనిచేసింది. కానీ ఖరీదెక్కువ, మన దగ్గర దొరకడం గగనం. కాబట్టి బొగ్గుపొడి మందు, అట్రోపిన్, పేస్‌మేకర్లతోనే నెట్టుకొస్తాం.

అపోహ: ముట్టుకున్నా ప్రమాదమే.

మా అపార్ట్‌మెంట్‌లో ఈ భయంతోనే మూడు చెట్లు కొట్టించేశారు. ముట్టుకుంటే గుండె ఆగదు. పాలు తగిలితే చర్మం, కళ్ళు మండుతాయి, కడుక్కుంటే సరి. పచ్చగన్నేరు కాయలతో గోళీలాడే పసివాళ్ళు ఉంటే మాత్రం రాలిన కాయలు ఎప్పటికప్పుడు ఊడ్పించండి.