మందు ఆగిన మూడో రాత్రి: సరిహద్దు జిల్లాల్లో నిషేధాలు, రక్తపరీక్షల కథ

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి అవతలి ఒడ్డున సిరొంచ ఉంది. జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర. చాలా ఇళ్లలో మాట తెలుగే. 1993 నుంచి ఆ జిల్లాలో మద్యనిషేధం ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు, వాళ్లతో కలిసి ఊళ్ల ఆడవాళ్లు పోరాడి సాధించుకున్నది అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. పక్కనే చంద్రపూర్ జిల్లా. బల్లార్‌పూర్, రాజురా బొగ్గు గనులను నమ్ముకుని తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడ బతుకుతున్నాయి. ఆ జిల్లాలో 2015 ఏప్రిల్‌లో నిషేధం పెట్టి 2021లో ఎత్తేశారు. ఇవతల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఇక 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో అన్నీ ఒక్కసారే బంద్.

దుకాణం మూసిన ప్రతిసారీ పట్టుబడిన సీసాల లెక్క పేపర్లో చదివాం. రోజూ తాగే మనిషికి ఉన్నట్టుండి మందు ఆగిపోతే వాడి ఒంట్లో, మనసులో ఏమవుతుందో రాసింది మాత్రం చాలా తక్కువ.

మద్యం మెదడు జోరును తగ్గిస్తుంది. ఏళ్ల తరబడి తాగితే, ఆ మత్తును తట్టుకోవడానికి మెదడు తన జోరు పెంచుకుంటుంది. మందు ఆగినా ఆ జోరు తగ్గదు. ఆరేడు గంటల్లో చేతుల వణుకు మొదలవుతుంది. చెమటలు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య అసలు గండం. మనిషి దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతుంటాడు. రాత్రి రెండింటికి లేచి, షిఫ్టుకు టైమైంది, నా టోపీ ఏదంటాడు. కట్టుకున్న భార్యను గుర్తుపట్టడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. ఆ ఆలస్యం ప్రాణం తీయగలదు.

ఈ స్థితికి డెలీరియం ట్రెమెన్స్ అని 1813లో పేరు పెట్టినవాడు థామస్ సటన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు. అయితే ఇది తాగడం వల్ల వస్తోందా, మానడం వల్లనా, తిండి లేకనా అన్న వాదన మరో 140 ఏళ్లు సాగింది. 1955లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో హారిస్ ఇస్బెల్ బృందం దాన్ని తేల్చింది. పది మందికి మంచి తిండి, విటమిన్లు పెడుతూ మద్యం పోశారు. వాళ్లలో ఆరుగురు 48 నుంచి 87 రోజులు తాగారు. ఆపగానే వణుకు, ఫిట్స్, భ్రమలు కనిపించాయి. వాళ్లంతా ఒకప్పుడు మార్ఫిన్‌కు బానిసలైనవాళ్లు. ఇవాళ ఏ నైతిక కమిటీ ఒప్పుకోని ప్రయోగం అది. మనం చదువుకునే సత్యం వాళ్ల ఒంటి మీద తేలిందని మరవకూడదు.

రక్తం వైపు చూపు మళ్లింది 1970లలో. కాలేయం నుంచి వచ్చే జీజీటీ అనే ఎంజైము తాగేవాళ్లలో పెరుగుతుందని, ఎర్ర రక్తకణాల సైజు కూడా పెరుగుతుందని గమనించారు. తర్వాత స్వీడన్ పరిశోధకులు తాగుడు జాడను పట్టిచ్చే మరో రెండు రక్తపరీక్షలను, సీడీటీని, 1980లలో పీఈటీహెచ్‌ను కనిపెట్టారు. ఇందులో చివరిది మద్యం ఉంటేనే రక్తంలో తయారయ్యే పదార్థం కాబట్టి గట్టి సాక్ష్యం. కానీ ఇవన్నీ చెప్పేది కొన్ని వారాలుగా ఎంత తాగాడనే. ఈ రాత్రి ఫిట్స్ వస్తాయా, ఈ దిగులు నిలిచిపోయే జబ్బా, మానిన బాధా అన్నది చెప్పవు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరికిందనే ఒకసారి అనుకున్నారు. రాత్రి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి, మర్నాడు రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గిందా అని చూసే పరీక్షను తీవ్రమైన డిప్రెషన్‌కు గుర్తుగా 1981లో బెర్నార్డ్ కారల్ బృందం ముందుకు తెచ్చింది. కొన్నేళ్లకే ఆ ఆశ సన్నగిల్లింది. మందు అప్పుడే మానినవాళ్లలోనూ, బరువు తగ్గినవాళ్లలోనూ ఆ పరీక్ష అలాగే తేడాగా వచ్చింది. 1988లో శాండియాగోలో బ్రౌన్, షకిట్ చేసిన అధ్యయనంలో, చికిత్సకు చేరినప్పుడు కనిపించిన దిగులు చాలామందిలో మూడు నాలుగు వారాల్లో దానంతటదే తగ్గింది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇంతకంటే పనికొచ్చే సంగతి లేదు. మొదటి వారంలో వేసిన మానసిక రోగి ముద్ర చాలామందికి తప్పు ముద్రే కావచ్చు. అలాగని ఆ వారాల్లో ఆత్మహత్య ఆలోచనను తేలిగ్గా తీసుకోకూడదు.

తర్వాత రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువున్నవాళ్లకు మందు ఆగినప్పుడు ఫిట్స్ ముప్పు ఎక్కువని జర్మనీ పరిశోధకులు చూపారు. 2014లో బెల్జియం బృందం పేగు గోడ బలహీనపడ్డవాళ్లలో దిగులు, ఆందోళన, తాగాలన్న యావ ఎక్కువని గుర్తించింది. దారి మంచిదే. కానీ గుంపుల సగటులో కనిపించే తేడా మంచం మీదున్న ఒక్క మనిషికి తీర్పు కాదు.

మన సరిహద్దులో చిక్కు ఇంకాస్త ఎక్కువ. గడ్చిరోలిలో మలేరియా ఉంది, గోండు, మాడియా కుటుంబాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు ఉంది. రెండూ కాలేయ పరీక్షల్ని తారుమారు చేయగలవు. మద్యం రక్తకణాన్ని పెద్దది చేస్తే, ఐరన్ లోపం చిన్నది చేస్తుంది. రెండూ ఉన్నవాడి రిపోర్టు నార్మల్‌గా రావచ్చు. హోమోసిస్టీన్ బీ12 లోపంతోనూ పెరుగుతుంది. ఇంతవరకు నార్మల్ అని యూరప్‌లో కట్టిన గీతల్ని ఇక్కడివాళ్ల రక్తం మీద సరిచూడకుండా వాడితే అన్యాయమే.

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ వైపు మరో గొడవ. బాసర దాటితే వచ్చే ఆ ఊళ్లకు నిజామాబాద్ ప్రాంతపు మత్తు కల్లు కొత్త కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం అనే నిద్రమందులు కలిపిన కల్లు అది. అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా పోతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్, పిచ్చిచూపులు రావచ్చు. డాక్టరు మద్యం పరీక్షలే రాస్తే కల్లులో కలిపిన ఆ నిద్రమందు బయటపడదు. కల్లే కదా తాగాను అని రోగి చెప్పేది అబద్ధం కాదు, అందులో ఏం కలిసిందో అతనికే తెలియదు. 2020 లాక్‌డౌన్‌లో మందు, కల్లు దొరకనివాళ్లు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వరస కట్టింది ఇందుకే.

గడ్చిరోలిలో 2016లో మొదలైన ముక్తిపథ్ అనే వ్యసన నివారణ కార్యక్రమం తాలూకా స్థాయిలో చికిత్సను దగ్గరికి తెచ్చింది. మిగతా చోట్ల కూడా చేయగలిగింది ఉంది. మందు మానినప్పటి బాధ ఎంత తీవ్రంగా ఉందో కొలిచే సీవా అనే పది అంశాల పట్టికకు రక్తం అక్కర్లేదు. వణుకు, చెమట నర్సు చూసి వేస్తుంది. ఏవైనా కనిపిస్తున్నాయా, వినిపిస్తున్నాయా, ఇది ఏ తేదీ అని మాత్రం రోగిని అడగాలి. సిరొంచ నుంచి వచ్చిన మనిషిని అవి మరాఠీలో అడిగి, జవాబు రాలేదని మతి తప్పిందని రాయడం కుదరదు. దుకాణాలు మూసే తేదీ ప్రకటించే ముందే ఆ ప్రశ్నలు తెలుగులో, మాడియాలో అచ్చయి, ప్రతి పీహెచ్‌సీలో, డాక్టరు చేతిలో ఈ ఫిట్స్‌కు చికిత్సగా పనికొచ్చే డైజీపాంతో, థయమిన్ (విటమిన్ బీ1) ఇంజెక్షన్లతో పాటు సిద్ధంగా ఉండాలి.