కాలని తీగకు మూతి దగ్గరే గండం

చిరంజీవులకు ఆశీస్సులు.

“బిల్డింగ్ అంటుకుంటే వైర్లూ కాలుతయి గదా, మరి ఫైర్ అలారం ఎట్ల మోగుతది తాతా?” అని అడిగిన్రు. ఇంట్లో వైరు మీదుండే పీవీసీ ప్లాస్టిక్ తొడుగు మంటకు మెత్తబడి కరుగుతది, గొంతు మండే పొగ వదులుతది. లోపలి తీగలు ఒకదానికొకటి తగిలి ఫ్యూజు కొట్టేస్తది. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ పవర్‌హౌస్ అంటుకొని 9 మంది పోయిన్రు. అసొంటి చోట్ల అలారం, లైట్లు, పొగ తోలే ఫ్యాన్లు, నీళ్ల పంపు ఆగొద్దు. వాటికోసమే మినరల్ కేబుల్.

పాలమూరు పల్లెల్లో భూమిల తవ్వి జొన్నలు దాచే పాతర గురించి విన్నరా? ఈ కేబుల్ అదే తీరు. పాతర గోడ జాగల రాగి గొట్టం, జొన్నల జాగల మెగ్నీషియం ఆక్సైడ్ తెల్లపొడి, నడుమ రాగి కడ్డీలు. లావు గొట్టంల ఇవన్నీ నింపి, అచ్చుల్లోంచి లాగిలాగి సన్నగ చేస్తరు. పొడి రాయి లెక్క బిగుస్తది. రాగి 1085 డిగ్రీలకు, పొడి 2800 డిగ్రీల దగ్గర కరుగుతయి. ఇండ్లల్ల మంట మామూలుగ అంత వేడికి పోదు. అంటుకోవడానికి దాంట్లో ఏముంది చెప్పున్రి?

మా చిన్నప్పుడు పాతర తెరవంగనే ఎవ్వరినీ దిగనిచ్చేటోళ్లు కాదు. కందీలు తాడుకు కట్టి దించి, అది ఆరకుంటేనే మనిషి దిగాలె. లోపల గాలి చెడి ఉంటది. పాత గుంతల్లకు మీరూ తొంగిచూడొద్దు, దిగొద్దు.

పాతర మూతి సరిగ్గ మూయకుంటే జొన్నలకు బూజు పడుతది. కేబుల్‌కూ మూతి దగ్గరే గండం. ఆ పొడి గాలిలోని తేమను తాగుతది, తాగితే కరెంటు లీకైతది. అందుకే కోసిన చివరను వెంటనే మూయాలె. ముందుగాల గ్లాండ్, అంటే కేబుల్‌ను పెట్టెకు బిగించేది, తొడగాలె (మరిస్తే చేసిన పనంతా విప్పుడే!), గొట్టం ఒలిచి, ఇత్తడి పాట్ (చిన్న గిన్నె) మరతిప్పి, సీలింగ్ కాంపౌండ్‌ను (తేమను ఆపే ముద్దను) ఒకపక్క నుంచే నింపాలె, లేకుంటే గాలి చిక్కుతది. మూత నొక్కినంక కరెంటు లీకైతదా అని 500 వోల్టుల మెగ్గర్ అనే మీటరుతో చూడాలె. తేమ పట్టితే వెనకనుంచి చివర దిక్కు బ్లోటార్చితో వేడిచేస్తరు. చివర మొదలుపెడితే తేమ ఇంకా లోపలికి ఉరుకుతది.

మాటిమాటికి వంచితే రాగి గట్టిబడి పగులుతది. మోటారు దగ్గర ఒక చుట్టు వదిలేది అదురుకు ఓర్చుకోవడానికే.

ఎక్కడన్న పెద్దాసుపత్రికి పోతే అలారం నుంచి గోడ మీద పోయే తీగను చూడున్రి, ముట్టుకోవద్దు. దాన్ని పట్టిన క్లిప్పులు రాగివా, ప్లాస్టిక్‌వా? ప్లాస్టిక్‌వైతే మంటకు అవే ముందు కరిగి, కాలని కేబుల్ ఊడి, బయటికి ఉరికే జనం కాళ్లకు అడ్డం పడుతది.

మీ తాత