తెబెత్‌లో ఇల్లు, పెట్టుబడి: అపోహలు - వాస్తవాలు

జకార్తాకు ఉద్యోగాల మీద వచ్చే మనవారికి ఇళ్లు వెతికిపెట్టడం, అద్దె ఒప్పందాలు, భూమి పత్రాలు సరిచూడడం నా వృత్తి. దక్షిణ జకార్తాలోని తెబెత్ గురించి అడిగినంతగా మరే పేట గురించీ నన్ను అడగరు. సుమారు 9 చదరపు కిలోమీటర్లలో రెండు లక్షల మందికి పైగా నివసించే ప్రాంతమిది. 1962 ఆసియా క్రీడల కోసం సెనాయన్‌లో స్టేడియం కట్టినప్పుడు అక్కడి బెతావీ (జకార్తా స్థానిక తెగ) కుటుంబాలను తరలించి ఇక్కడ స్థిరపరిచారు. వారి పిల్లలు, మనవలు అదే స్థలాన్ని పంచుకుంటూ, ఉన్న ఇంటిపై అంతస్తులు వేసుకుంటూ రావడంతో పేట ఇంతగా కిక్కిరిసింది. హైదరాబాదు శివార్లలో గజాల లెక్కన స్థలం కొనిపెట్టుకోవడానికి అలవాటుపడిన మనవారు ఆ లెక్కతోనే ఇక్కడికి వస్తారు. ఇక్కడ గజాల కంటే ముందు తేల్చుకోవలసినవి రెండు: ఆ స్థలంపై మీకు దక్కే హక్కు ఏమిటి, అక్కడికి చేర్చే సందు ఎవరిది.

అపోహ: నమ్మకమైన ఇండోనేషియా మిత్రుడి పేరు మీద ఇల్లు కొని, విడిగా ఒక ఒప్పందం రాయించుకుంటే సరిపోతుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. 1960 నాటి భూచట్టం, హక్ మిలిక్ అనే సంపూర్ణ యాజమాన్య హక్కును ఇండోనేషియా పౌరులకే పరిమితం చేసింది. ఆ చట్టం 26వ అధికరణం ప్రకారం, ఈ హక్కును నేరుగా గాని చాటుగా గాని విదేశీయుడికి చేరవేసే లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వపరమవుతుంది, చెల్లించిన సొమ్మును తిరిగి కోరే హక్కు కూడా ఉండదు. సహోద్యోగి పేరు మీద ఇలా ఇల్లు కొన్న ఒక తెలుగు కుటుంబం నా వద్దకు వచ్చేసరికి ఆ సహోద్యోగి మరణించి నాలుగు నెలలైంది. ఆయన పిల్లలు మోసగాళ్లు కారు, మర్యాదగానే మాట్లాడారు. కానీ భూమి హక్కు సర్టిఫికెట్‌లో ఉన్నది వారి తండ్రి పేరు, వారసత్వంగా ఇల్లు వారికే చేరుతుంది. చేతిలో ఉన్న రహస్య ఒప్పందాన్ని కోర్టులో చూపితే అదే తమ తప్పుకు సాక్ష్యమవుతుందని ఆ కుటుంబానికి అప్పుడు అర్థమైంది. నేను చేయగలిగిన సాయం ఏమీ లేకపోయింది.

చట్టబద్ధమైన దారి ఉంది, కాకపోతే అది ఇరుకు. విదేశీయులు హక్ పకై అనే వినియోగ హక్కుపై ఇల్లు తీసుకోవచ్చు. 2021 నాటి ప్రభుత్వ నిబంధన ప్రకారం దాని కాలపరిమితి 30 ఏళ్లు, పొడిగింపు 20, పునరుద్ధరణ మరో 30. అయితే 2022లో మంత్రిత్వ శాఖ జకార్తాకు నిర్ణయించిన కనీస ధర స్వతంత్ర గృహానికి 500 కోట్ల రూపియాలు, అపార్ట్‌మెంటుకు 300 కోట్ల రూపియాలు. మొదటిది మన డబ్బులో సుమారు రెండున్నర కోట్ల రూపాయలు. తెబెత్ సందుల్లో అమ్మకానికి వచ్చే చిన్న ఇళ్లలో చాలావరకు ఈ గీత కిందే ఉంటాయి కాబట్టి, ధర అందుబాటులో ఉన్నా అవి విదేశీయుడికి దక్కవు. ఇండోనేషియా పౌరులను వివాహమాడిన మనవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. ఆస్తులు వేరువేరని తెలిపే వివాహ ఒప్పందం లేకపోతే, పౌరసత్వం ఉన్న భార్య లేదా భర్త కొన్న హక్ మిలిక్ కూడా చిక్కులో పడుతుంది. అటువంటి ఒప్పందాన్ని పెళ్లి తరువాత కూడా చేసుకోవచ్చని రాజ్యాంగ న్యాయస్థానం 2016లో తీర్పునిచ్చింది.

అపోహ: సర్టిఫికెట్ అసలుదైతే ఇక చూడవలసినది లేదు.

వాస్తవం: సర్టిఫికెట్‌తో పాటు సురత్ ఉకుర్ అనే కొలతల పటం ఉంటుంది. ధర మాట్లాడుకునే ముందు నేను టేపు పట్టుకుని ఆ పటంతో సందులోకి వెళతాను. ఒకసారి బుకిత్ దురి వైపు ఒక రెండంతస్తుల ఇల్లు చూశాం. ప్రధాన రహదారి దగ్గర రెండు మీటర్లున్న సందు, చివరి మలుపు దగ్గర ఒకటింబావు మీటరుకు తగ్గింది. గోడవారగా నిలిపిన స్కూటర్లను దాటుకుంటూ, ఆరేసిన బట్టల కింద తల వంచి నడవవలసి వచ్చింది. పటం విప్పి చూస్తే ఆ చివరి పదకొండు మీటర్ల నడక దారి పక్కింటివారి సర్టిఫికెట్‌లో వారి సొంత స్థలంగా నమోదై ఉంది. వారు మంచితనం కొద్దీ వదిలిన దారి అది, రేపు వారు ప్రహరీ కట్టుకుంటే దారి కోసం తగవు పడవలసి వస్తుంది. అగ్నిమాపక వాహనం ఇటువంటి సందుల్లోకి రాలేదని, ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట షార్ట్ సర్క్యూట్ ఒక్కటి చాలని కూడా కొనేవారికి చెబుతాను.

అపోహ: గిరిక్ ఉంటే యాజమాన్యం ఉన్నట్లే.

వాస్తవం: గిరిక్ అనేది పాత భూమి పన్ను పత్రం. 2021 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన నిబంధన, ఇటువంటి పత్రాలున్న భూములను ఐదేళ్లలోగా నమోదు చేయించాలని, ఆ గడువు దాటాక అవి హక్కుకు రుజువుగా చెల్లవని తేల్చింది. గిరిక్ చూపి బయానా అడిగేవారికి, నమోదు పూర్తయ్యేవరకు ఒక్క రూపియా కూడా ఇవ్వవద్దు.

అపోహ: తెబెత్ జకార్తా నడిబొడ్డున ఉంది, సముద్రానికి దూరం, కాబట్టి వరద రాదు.

వాస్తవం: సముద్రం దూరమే గాని, చిలివుంగ్ నది పేట అంచునే పారుతుంది. ఎగువన బోగోర్ కొండల్లో వాన కురిస్తే, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా, కొన్ని గంటల్లో నీరు దిగివస్తుంది. కెబోన్ బారు, బుకిత్ దురి, మంగరై నదీతీర సందులు మునుగుతుంటే, తెబెత్ తిమూర్‌లోని ఎత్తైన వీధులు పొడిగా ఉండడం నేను చూశాను. అందుకే పేటంతటికీ ఒక్క మాటలో జవాబు చెప్పలేను. గోడలపై పాత నీటి చారలు చూడండి, 2020 జనవరి 1న నీరు ఎంతవరకు వచ్చిందో వీధి చివరి దుకాణంలో అడగండి. నదిగట్టున మరో ప్రమాదమూ ఉంది: 2016లో బుకిత్ దురిలో నది వెడల్పు పనుల కోసం ఇళ్లను తొలగించారు.

అపోహ: కోస్ కడితే నెల తిరిగేసరికి ఆదాయం, శ్రమ ఉండదు.

వాస్తవం: కోస్ అంటే మన హాస్టల్ వంటిదే, గది గదికీ వేరే అద్దె. తెబెత్, మంగరై రైల్వే స్టేషన్లు, 2023 ఆగస్టులో మొదలైన ఎల్‌ఆర్‌టీ అనే తేలికపాటి నగర రైలు దగ్గరలో ఉండడంతో గదులకు గిరాకీ నిజంగానే బాగుంది. కానీ ఇది రోజూ చూసుకోవలసిన వ్యాపారం. గదులకు ముందుగా డబ్బు కట్టే టోకెన్ మీటర్లుంటాయి, వాటిలో యూనిట్లు అడుగంటితే కీచుమని మోగుతూనే ఉంటాయి. ఊరికి వెళ్లిన కుర్రవాడి గదిలో అర్ధరాత్రి మోగే మీటరు గురించి మిగతా పదకొండు గదులవారూ యజమానికే ఫోన్ చేస్తారు. నీటి పంపు, చెత్త రుసుము, స్కూటర్లు నిలిపే చోటు కూడా అంతే. అన్నిటికీ మించి ఆర్‌టీ, అంటే కొన్ని పదుల ఇళ్లకు కలిపి ఉండే పొరుగువారి సంఘం. దాని పెద్దకు తెలియకుండా కొత్తవారిని దించకండి, 24 గంటలకు మించి ఉండే అతిథి వివరాలు తెలియజేయాలన్న బోర్డు చాలా సందుల మొదట్లోనే కనిపిస్తుంది. అద్దె ఆదాయంపై పన్ను ఉంటుందని, గదుల సంఖ్యకు తగిన నిర్మాణ అనుమతి ఉండాలని కూడా లెక్కలో వేసుకోవాలి. విదేశీ పెట్టుబడి సంస్థ పెట్టి ఈ పని చేద్దామంటే పెట్టుబడి ప్రణాళిక 1000 కోట్ల రూపియాలు దాటాలి, పన్నెండు గదుల ఇంటికి అది పొసగదు.

అపోహ: పక్కన పార్కు వస్తే ఇంటి విలువతో పాటు సుఖమూ పెరుగుతుంది.

వాస్తవం: తెబెత్ ఎకో పార్క్ చక్కని పార్కు, నేనూ ఉదయం నడకకు వెళతాను. అయితే 2022లో తెరిచిన కొద్ది వారాలకే జనం, అడ్డదిడ్డపు పార్కింగు, వీధి వ్యాపారుల రద్దీ పెరిగి చుట్టుపక్కలవారు ఇబ్బంది పడడంతో దానిని కొంతకాలం మూసివేయవలసి వచ్చింది. ఇల్లు చూడడానికి ఆదివారం ఉదయం రండి.

అపోహ: కొనలేనప్పుడు అద్దె ఇల్లు తాత్కాలికమే, యజమాని అమ్మేస్తే ఖాళీ చేయవలసిందే.

వాస్తవం: ఇక్కడ ఇళ్ల అద్దె సాధారణంగా ఏడాది లేదా రెండేళ్లది ముందే చెల్లిస్తారు. అంత సొమ్ము ఒకేసారి ఇవ్వడానికి మనవారు భయపడడం సహజం. కానీ ఇండోనేషియా పౌర స్మృతి 1576వ అధికరణం ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, ఇల్లు అమ్ముడుపోయినా అద్దె ఒప్పందం రద్దు కాదు, కొన్నవారు గడువు ముగిసేవరకు దానిని గౌరవించాలి. అందుకే ఆ రక్షణను తొలగించే వాక్యం ఏదైనా ఉందా అని ఒప్పందం ఇండోనేషియా భాషా ప్రతిలోనే వెతకండి, మరమ్మతుల ఖర్చు ఎవరిదో రాయించండి, సంతకాలు నోటరీ ఎదుట పెట్టించండి.