బాప్తిస్మం అయ్యాక కన్ఫర్మేషన్ ఎందుకు?

కర్నూలులో క్రైస్తవుల ఇళ్లలో సంబంధం మాట్లాడేటప్పుడు ఒక్కోసారి కట్నం కంటే ముందు ఈ ప్రశ్న వస్తుంది: "అబ్బాయి నీళ్లలో మునిగాడా?" సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లేమో "పసిబిడ్డప్పుడే బాప్తిస్మం ఇప్పించాం, పదో తరగతిలో కన్ఫర్మేషన్ (బిషప్ తలమీద చెయ్యి పెట్టి విశ్వాసాన్ని స్థిరపరిచే ఆచారం) కూడా అయింది" అంటారు. ఆ రెండూ కలిపినా, పెద్దయ్యాక నమ్మి నీళ్లలో మునిగితేనే బాప్తిస్మం అనే బాప్టిస్టు పెద్దలు ఒప్పుకోరు. ఇది ఈనాటి పేచీ కాదు.

తొలి శతాబ్దాల్లో చాలాచోట్ల నీటి స్నానం, తైలాభిషేకం, చేతులుంచడం, ప్రభు భోజనం అన్నీ ఈస్టర్ రాత్రి ఒకే వరుసలో జరిగేవి. అపొస్తలుల కార్యాలు 8వ అధ్యాయంలో సమరయవాళ్లకు బాప్తిస్మం ముందు అయింది. పేతురు, యోహాను వచ్చి చేతులుంచాకే ఆత్మ దిగింది. 10వ అధ్యాయంలో కొర్నేలీ ఇంట్లో ఆత్మే ముందు, నీళ్లు తర్వాత. ఎవరికి కావలసిన వచనం వాళ్లకు దొరుకుతుంది.

ఈ వరుస తెగిపోవడానికి సిద్ధాంతం కంటే దూరాభారమే పెద్ద కారణమని నా అభిప్రాయం. సంఘాలు పల్లెలకు పాకాయి, బిషప్ పట్నంలోనే ఉండిపోయాడు. తూర్పు సంఘాలు తైలం అద్దే పనిని ఊళ్లోని గురువుకే అప్పగించాయి. అందుకే ఆర్థడాక్సు పసిబిడ్డకు అన్నీ ఒక్కరోజే అయిపోతాయి. నుదుటి అభిషేకం బిషప్‌దేనని రోమ్‌లో పోప్ మొదటి ఇన్నోసెంట్ 416లో రాశాడు. దాంతో బిషప్ ఎప్పుడొస్తే అప్పుడే కన్ఫర్మేషన్. జనం పట్టించుకోకపోయేసరికి, కన్ఫర్మేషన్ లేనిదే ప్రభు భోజనం లేదని 1281లో ఇంగ్లండ్ ఆర్చ్‌బిషప్ పెకమ్ కట్టడి పెట్టాడు. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) ప్రార్థన పుస్తకంలోకి ఆ నియమమే ఎక్కింది. ప్రొటెస్టంట్ సంస్కర్తలు కన్ఫర్మేషన్‌ను సంస్కారంగా ఒప్పుకోకపోయినా, పిల్లలకు విశ్వాసం నేర్పి ఒప్పించే క్లాసుగా మలిచారు. కేథలిక్కుల్లో 1910లో పదవ పయస్ మొదటి సత్ప్రసాదాన్ని (ప్రభు భోజనాన్ని) ఏడేళ్ల వయసుకు దించడంతో, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్‌కు వాళ్ల పేరు) చాలాచోట్ల దాని తర్వాతికి జరిగింది.

రాయలసీమకు ఈ చరిత్ర ముక్కలుముక్కలుగా వచ్చింది. కడపలో లండన్ మిషన్ 1822లో మొదలైంది. వాళ్లకు బిషప్పులే లేరు. నంద్యాల వైపు ఆంగ్లికన్లు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు. 1947 సెప్టెంబర్ 27న సీఎస్ఐ ఏర్పడినప్పుడు బాప్టిస్టులు బయటే ఉన్నారు. బిషప్ చేతుల మీదుగా గురుపట్టం పొందని పాస్టర్లతో కలవడం ఇష్టంలేక నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది కూడా ఆగిపోయి, 1970ల్లో గానీ చేరలేదు. సీఎస్ఐ మాత్రం మధ్యేమార్గం పట్టింది: అప్పటికే ప్రభు బల్లలో పాలుపొందుతున్నవాళ్లను మళ్లీ కన్ఫర్మేషన్ అడగలేదు.

ఇప్పుడు సీఎస్ఐలో కన్ఫర్మేషన్ రోజున తెల్ల బట్టలేసుకున్న పిల్లలు, పది ఆజ్ఞలు ఎక్కడ మరిచిపోతామోనన్న టెన్షన్‌తో వరుసగా మోకరిస్తారు. బిషప్‌గారు తలమీద చెయ్యి పెడతారు. వాళ్లలో కొందరు పెళ్లికి ముందు ఇంకో సంఘంలో మళ్లీ నీళ్లలో మునుగుతారు. సీఎస్ఐ దాన్ని బాప్తిస్మంగా లెక్కించదు. ఒకసారి పొందినదాన్ని మళ్లీ ఇవ్వరాదన్నది దాని మాట. అదే పిల్ల కేథలిక్ సంఘంలో చేరితే లెక్క ఇంకోలా ఉంటుంది: పాత బాప్తిస్మం చెల్లుతుంది, కన్ఫర్మేషన్ మాత్రం చెల్లదు, అభ్యంగనం కొత్తగా పొందాల్సిందే.